నా ఒంట్లో ప్రతి కణంలోనూ ఉన్న తప్పు ఒక్క రక్తంలోనే ఎందుకు బయటపడింది?

బీకాం_సూరిబాబు · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ జీఎస్టీ చర్చల్లో తప్ప ఎక్కడా నోరు విప్పలేదు. ఇప్పుడు సైన్స్ విభాగంలోకి రావాల్సి వచ్చింది.

నాకు చిన్నప్పటి నుంచీ "రక్తం తక్కువ" అంటారు. ఒక డాక్టరు గారు రాసిన ఐరన్ మాత్రలు ఏడేళ్ళు మింగాను. హిమోగ్లోబిన్ 12 దగ్గర కూర్చుని లేవనంది, కడుపు మాత్రం పాడైంది. ఇప్పుడు మా ఆవిడకి తొమ్మిదో వారం. అక్కడి డాక్టరమ్మ ఇద్దరి రిపోర్టులూ తెమ్మంది. నాది చూసి "ఎర్రకణాలు 61 లక్షలున్నాయి, సైజు చూస్తే 64, బాగా చిన్నవి. ఐరన్ లోపమైతే లెక్క కూడా తగ్గాలి కదా" అని ఇంకో పరీక్ష రాసింది. అందులో హెచ్‌బీఏ2 అనే రకం హిమోగ్లోబిన్ 5.4 శాతం వచ్చింది. బీటా తలసీమియా (హిమోగ్లోబిన్ సరిగ్గా తయారుకాని వంశపారంపర్య జబ్బు) క్యారియర్ అట, అంటే ఆ తప్పుని మోసేవాణ్ణి. తర్వాత జన్యు పరీక్ష కూడా చేయించారు. మూడు పేజీల రిపోర్టులో అసలు విషయం ఒక్క లైను: "ఐవీఎస్ 1-5 జి>సి, హెటిరోజైగస్". మా ఆవిడ రక్తం కూడా ఇచ్చాం. గురువారం వస్తుంది.

మందుల సలహా అడగడం లేదు, అది డాక్టరమ్మ చెప్పింది. నాకు అర్థం కానిది వేరే. అమ్మానాన్నల నుంచి వచ్చిన తప్పంటే నా ఒంట్లో ప్రతి కణంలోనూ ఉండాలి కదా. కంట్లో, కాలేయంలో, గోటి మొదట్లో. మరి కళ్ళు బాగున్నాయి, కాలేయం బాగుంది. రక్తానికే ఏమొచ్చింది? రెండోది, ఆ లైనుకి అర్థమేమిటి? టెన్త్ తర్వాత బయాలజీ ముట్టని మనిషికి చెప్పినట్టు చెప్పండి.

నిజం_నాగరాజు · సోమవారం రాత్రి 9:52

జన్యువులంటే శరీరానికి బ్లూప్రింట్ అండీ. ప్లానులో రక్తం దగ్గర గీత తప్పు పడింది, అంతే. దీనికింత పోస్టు అక్కర్లేదు.

గోదారి_మాస్టారు · సోమవారం రాత్రి 10:30

నాగరాజు గారూ, 34 ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పాను, ఆ బ్లూప్రింట్ అనే మాటతోనే పిల్లలు ఎక్కువ తప్పుదారి పట్టేవారు. ఇంటి ప్లానులో వంటింటి బొమ్మ వంటింటి చోట ఉంటుంది. డీఎన్ఏలో కంటి బొమ్మ ఎక్కడా ఉండదు. పైగా ఏ మేస్త్రీ ప్రతి ఇటుకలోనూ మొత్తం ప్లాను కుక్కడు. ఇక్కడ జరిగేది అదే.

సూరిబాబు గారూ, నేను క్లాసులో పంచాంగంతో చెప్పేవాణ్ణి. ప్రతి ఇంట్లోనూ అదే పంచాంగం, మొత్తం పుస్తకం. పెళ్ళి పెట్టుకున్న ఇంట్లో ముహూర్తాల పేజీ నలిగిపోతుంది. రైతు ఇంట్లో కార్తెల పేజీ. మా ఇంట్లో ఏలినాటి శని పేజీ. ముహూర్తాల పేజీలో అచ్చుతప్పు ఉంటే ఆ ఏడాది పెళ్ళిలేని ఇంటికి దాంతో పనేముంది? మీ కంటి కణంలోనూ 11వ క్రోమోజోమ్ మీద, హిమోగ్లోబిన్‌లో ఒక గొలుసుని చేసే బీటా గ్లోబిన్ జన్యువు ఉంది, ఆ తప్పుతో సహా. కానీ కన్ను ఆ పేజీ జన్మలో తెరవదు. ఎర్రకణాలను తయారుచేసే ఎముక మజ్జలోనే అది రాత్రింబగళ్ళు తెరిచి ఉంటుంది. జన్యువు ఉండటం వేరు, పనిలోకి దిగడం వేరు. ఆ రెండోదాన్నే జన్యు వ్యక్తీకరణ అంటాం.

"మిగతా పేజీలు నిజంగా ఉన్నాయా, అక్కర్లేనివి చించేశారేమో" అని ఓ కుర్రాడు అడిగాడు ఒకసారి. మంచి ప్రశ్న. ఒకప్పుడు పెద్ద శాస్త్రవేత్తలకే ఆ అనుమానం ఉండేది. జాన్ గర్డన్ తోకకప్ప పేగు కణంలోంచి కేంద్రకం తీసి, సొంత కేంద్రకం పనిచేయకుండా చేసిన కప్ప గుడ్డులో పెట్టాడు. కొన్ని గుడ్లలోంచి మళ్ళీ ఈదే తోకకప్పలు వచ్చాయి. పేగు కణంలో కన్ను, కాలు, గుండె అన్నింటి పేజీలూ భద్రంగా ఉన్నాయన్నమాట. ఆ పేపరు 1962లో వచ్చింది, నోబెల్ 2012లో. యాభై ఏళ్ళు ఆగాడు పాపం. మన దేశంలో కర్నాల్ పాడి పరిశోధన సంస్థవాళ్ళు 2009లో గేదెను క్లోన్ చేసిందీ ఈ ధైర్యంతోనే.

పిపెట్_పిల్ల · సోమవారం రాత్రి 11:45

మాస్టారూ, పంచాంగం బాగుంది, హైదరాబాద్‌లో మా ల్యాబ్‌లో రేపే వాడేస్తాను. కానీ ఒక చోట కుదరదు. పంచాంగం తెరిచేది బయటి మనిషి. కణంలో బయటి మనిషి లేడు. పేజీ తెరిచే చేతులు కూడా అదే పుస్తకంలోని వేరే పేజీలు చదివితే పుట్టిన ప్రోటీన్లే.

సూరిబాబు గారూ, ఒక్కో కణంలో డీఎన్ఏ పొడవు సుమారు రెండు మీటర్లు. కంటికి కనిపించని కేంద్రకంలో అది ఇమడాలంటే హిస్టోన్లనే ప్రోటీన్ ఉండలకు చుట్టుకోవాలి. అక్కర్లేని చోట చుట్ట బిగుతుగా ఉంటుంది, చదివే యంత్రానికి సందు దొరకదు. మజ్జలో ఎర్రకణం కాబోయే కణంలో గాటా1, కేఎల్ఎఫ్1 అనే ప్రోటీన్లుంటాయి. అవి గ్లోబిన్ జన్యువు దగ్గర తమకు సరిపడే అక్షరాల మీద కూర్చుని చుట్ట వదులు చేసి, ఆర్ఎన్ఏ పాలిమరేజ్‌ని పిలుస్తాయి. అది జన్యువును చదివి ఆర్ఎన్ఏ నకలు తీస్తుంది. ఇది అనులేఖనం. నకలు కేంద్రకం దాటి బయటికొస్తే రైబోసోమ్ దాన్ని మూడేసి అక్షరాల చొప్పున చదివి ప్రోటీన్ గొలుసు అల్లుతుంది. ఇది అనువాదం. కంటి కణంలో ఈ పిలిచేవాళ్ళ జట్టు వేరు, అందుకని తెరుచుకునే పేజీలూ వేరు.

మరి ఆ జట్టుని మొదట ఎవరు పెట్టారు అంటారా? తల్లి గుడ్డులోనే కొన్ని ప్రోటీన్లు, ఆర్ఎన్ఏలు సిద్ధంగా ఉంటాయి. వాటితో మొదలు. తర్వాత పక్క కణాలు పంపే కబుర్లు. అక్కడి నుంచి ఒకటి ఇంకోదాన్ని లేపుకుంటూ పోతుంది.

ఆ ఐవీఎస్ లైను సంగతి రేపు రాస్తాను. జెల్ నడుస్తోంది, దాన్ని వదిలి కూర్చుంటే మా సార్ నన్ను నడిపిస్తారు.

బైపీసీ_భాను · మంగళవారం ఉదయం 6:15

నమస్తే అండీ. టాపిక్ మారుస్తున్నాను, తిట్టకండి. నీట్‌కి చదువుతున్నాను. సికిల్ సెల్ అనే రక్తం జబ్బుకి మా పుస్తకంలో జీఏజీ మారి జీయూజీ అయ్యిందని ఉంది. కోచింగ్ నోట్సులో సీటీసీ మారి సీఏసీ అయ్యిందని ఉంది. యూట్యూబ్‌లో ఒకాయన జీఏజీ మారి జీటీజీ అన్నాడు. మూడింట్లో ఏది రాయాలి? టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

గోదారి_మాస్టారు · మంగళవారం ఉదయం 7:05

మూడూ కరెక్టే బాబూ, పడుకో.

డీఎన్ఏకి రెండు పోగులు. ఎ కి ఎదురుగా టి, జి కి ఎదురుగా సి. ఒక పోగుని మూసగా పెట్టుకుని పాలిమరేజ్ నకలు తీస్తుంది. మూసలో సీటీసీ ఉంటే నకలు జీఏజీ వస్తుంది. మూసలో నడిమి టి పోయి ఎ వచ్చి సీఏసీ అయితే నకలు జీయూజీ. ఆర్ఎన్ఏలో టి ఉండదు, దాని బదులు యూ. ఇక మూస కాని రెండో పోగు, అంటే కోడింగ్ పోగు చూస్తే అక్షరాలు నకలులాగే ఉంటాయి, యూ ఉన్నచోట టి. అక్కడ జీఏజీ కాస్తా జీటీజీ. ఒకే తప్పుని మూడు చోట్ల నిలబడి చూశారు. ప్రశ్నలో "మూస పోగు" అన్నాడా, "ఎంఆర్ఎన్ఏ" అన్నాడా చూసి రాయి.

జీఏజీ అంటే గ్లుటామిక్ ఆమ్లం, జీయూజీ అంటే వాలీన్. రెండూ ప్రోటీన్ గొలుసులో పూసల్లాంటి అమైనో ఆమ్లాలు. అదొక్కటే తేడా. ఈ జబ్బున్నవాళ్ళ హిమోగ్లోబిన్ విద్యుత్ క్షేత్రంలో వేరేగా నడుస్తుందని 1949లో లైనస్ పౌలింగ్ బృందం చూపించింది. తేడా ఒక్క అమైనో ఆమ్లంలో ఉందని తర్వాత ఏడెనిమిదేళ్ళకి కేంబ్రిడ్జ్‌లో వెర్నన్ ఇంగ్రామ్ పట్టుకున్నాడు. గొలుసులో ఆరో స్థానం.

పాడేరు_ల్యాబ్ · మంగళవారం మధ్యాహ్నం 1:20

మాస్టారు గారూ, ఆ "ఆరో స్థానం" దగ్గర మాకు జరిగిన గొడవ చెప్తాను. నేను ఏజెన్సీలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. 2023 జులైలో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది కదా, మధ్యప్రదేశ్ షహ్‌డోల్‌లో. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ళలోపు ఏడు కోట్లమందిని పరీక్షించాలని లక్ష్యం. అప్పటి నుంచి మాకు కొండలెక్కడమే పని.

ఒక పాపకి బయటి ల్యాబ్ నుంచి జన్యు రిపోర్టు వచ్చింది. అందులో "గ్లు7వాల్" అని ఉంది, అంటే ఏడో చోట గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్. వాళ్ళ ఊరి బడి మాస్టారు పుస్తకం పట్టుకుని వచ్చేశారు. "ఇందులో ఆరు అని ఉంది, మీరు ఏడు అంటారు, మా పిల్లది వేరే జబ్బా, ల్యాబ్ తప్పా?" అని. నాకూ ఒక్క నిమిషం చెమటలు పట్టాయి. ఫోన్ చేసి కనుక్కుంటే అప్పుడు తెలిసింది. జన్యువు మొదట్లో ఏటీజీ ఉంటుంది, అది మెథియోనిన్. గొలుసు అల్లడం దాంతోనే మొదలవుతుంది. ఆ తర్వాత దాన్ని కత్తిరించి పారేస్తారు. ఇంగ్రామ్ గారు చూసింది రక్తంలోని తయారైన ప్రోటీన్, అందులో అది ఉండదు కాబట్టి ఆరు. ఇప్పటి రిపోర్టులు జన్యువు మొదటి అక్షరం నుంచి లెక్కపెడతాయి కాబట్టి ఏడు. కాగితం మీద వరసగా రాసి చూపించాను: ఏటీజీ, జీటీజీ, సీఏటీ, సీటీజీ, ఏసీటీ, సీసీటీ, జీఏజీ. వేలు పెట్టి లెక్కపెట్టుకుని, మొదటిదాని మీద గీత కొట్టి మళ్ళీ లెక్కపెట్టుకుని వెళ్ళారాయన.

నిర్వాహకుడు_2 · మంగళవారం మధ్యాహ్నం 1:45

సికిల్ సెల్ కబుర్లు బాగున్నాయి కానీ అడిగినాయన తలసీమియా గురించి అడిగారు. భానూ, నీ ప్రశ్నకి వేరే థ్రెడ్ పెడుతున్నాను.

పిపెట్_పిల్ల · మంగళవారం రాత్రి 10:10

వచ్చాను. నిర్వాహకుడు గారూ, సికిల్ సెల్ ఉండనివ్వండి, పక్కన పెట్టి చూస్తేనే ఈయనది అర్థమవుతుంది. సికిల్‌లో ప్రోటీన్ తగినంత తయారవుతుంది, రకం చెడుతుంది. సూరిబాబు గారి జన్యువులో ప్రోటీన్ రకానికి ఏ లోటూ లేదు, తయారయ్యేదే తక్కువ. పైగా మారిన ఆ అక్షరం ప్రోటీన్ దాకా చేరే అక్షరమే కాదు. నాకు ఈ టాపిక్‌లో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, కాస్త సాగదీస్తాను.

బీటా గ్లోబిన్ జన్యువు సుమారు 1,600 అక్షరాలు. గొలుసుకి కావాల్సిన అమైనో ఆమ్లాలు 146. మొదటి మెథియోనిన్, చివరి ఆపు గుర్తు కలిపి 148 మూడేసి అక్షరాలు, అంటే 444. మిగతావి ఏమైనట్టు? జన్యువు మధ్యలో రెండు చోట్ల ప్రోటీన్‌తో సంబంధం లేని భాగాలు దూరి ఉన్నాయి. ఒకటి 130 అక్షరాలు, ఇంకోటి 850. నకలు తీసేటప్పుడు అవీ వచ్చేస్తాయి. కేంద్రకంలోనే వాటిని కత్తిరించి, మిగిలిన ముక్కల్ని అతికించాకే నకలు బయటికి వెళ్తుంది. జన్యువులు ఇలా ముక్కలుగా ఉంటాయని 1977లో ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ బృందాలు ఒక జలుబు వైరస్‌లో కనిపెట్టాయి. ఆ దూరిన భాగాన్ని అప్పట్లో ఇంటర్వీనింగ్ సీక్వెన్స్ అన్నారు, అదే ఐవీఎస్. ఇప్పుడందరూ ఇంట్రాన్ అంటారు, రిపోర్టుల్లో పాత పేరే బతికిపోయింది.

కాబట్టి "ఐవీఎస్ 1-5 జి>సి" అంటే మొదటి ఇంట్రాన్‌లో ఐదో అక్షరం జి ఉండాల్సింది సి అయింది. మామూలుగా ఆ ఇంట్రాన్ మొదలు ఇలా ఉంటుంది: జి టి టి జి జి టి. మీ ఒక కాపీలో: జి టి టి జి సి టి.

పారేసే ముక్కలో ఒక అక్షరం మారితే నష్టమేంటి? కత్తెర ఎక్కడ పెట్టాలో చెప్పే గుర్తు అదే కాబట్టి. యూ1 అనే చిన్న ఆర్ఎన్ఏ ఒకటి ఆ అక్షరాలకు ఎదురుగా తన అక్షరాలు జతపరిచి "ఇదే చోటు" అని పట్టుకుంటుంది. ఐదో అక్షరానికి ఎదురుగా దాని దగ్గర సి ఉంది. జి-సి అయితే జత. సి-సి జతపడదు. పట్టు జారుతుంది. అప్పుడు కత్తెర చుట్టుపక్కల అలాంటి పోలికే ఉన్న వేరే చోట్ల పడుతుంది. ఈ తప్పులో అలాంటి చోట్లు మూడని 1980ల్లోనే తేల్చారు: 38 అక్షరాలు ముందు, 16 అక్షరాలు ముందు, 13 అక్షరాలు తర్వాత. మీరు అకౌంట్స్ మనిషి కదా, 38, 16, 13లో ఏదైనా 3తో పోతుందా చూడండి.

పోదు. రైబోసోమ్ మూడేసి చొప్పున చదువుతుంది కాబట్టి అక్కడి నుంచి చదువు మొత్తం గతి తప్పుతుంది, మధ్యలోనే ఎక్కడో ఆపు గుర్తు ఎదురవుతుంది. అలాంటి నకళ్ళను కణం గుర్తుపట్టి చించేస్తుంది. సరైన చోట కోత పడ్డ నకళ్ళు చాలా కొద్ది. మన దేశంలో బీటా తలసీమియాకి అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు ఇదే, మీరు ఒంటరి కాదు.

బీకాం_సూరిబాబు · బుధవారం ఉదయం 8:30

అమ్మా, రెండుసార్లు చదివాను, మూడోసారి కాగితం పెట్టుకుని చదివాను. లెజర్‌లో ఒక లైను జారితే కింద బ్యాలెన్సులన్నీ తప్పినట్టు. 3తో పోదు అన్నచోట ఒళ్ళు జలదరించింది.

అయితే నాకు సగం హిమోగ్లోబిన్ ఉండాలి కదా? హెటిరోజైగస్ అంటే ఒక కాపీ బాగున్నట్టేగా. 6 ఉండాల్సింది 12 ఎలా ఉంది? ఇంకోటి, హెచ్‌బీఏ2 పెరగడం ఏమిటి? ఒకటి తగ్గితే ఇంకోటి పెరుగుతుందా?

పిపెట్_పిల్ల · బుధవారం ఉదయం 9:15

బస్సులో ఉన్నాను, పొట్టిగా. అవును, ఒక కాపీ నిక్షేపంలా ఉంది. మజ్జ ఏం చేస్తుందంటే ఒక్కో కణంలో సరుకు తక్కువ పెట్టి కణాల సంఖ్య పెంచుతుంది. అందుకే మీకు 61 లక్షలు, సైజు 64. 64ని 6.1తో భాగిస్తే పదిన్నర. 13 కన్నా తక్కువొస్తే ఐరన్ లోపం కన్నా తలసీమియా అనుమానించాలని ఓ పాత లెక్క ఉంది. అనుమానానికే పనికొస్తుంది, తేల్చడానికి కాదు. మీ డాక్టరమ్మ కన్ను అక్కడే పడింది.

హెచ్‌బీఏ2లో బీటా బదులు డెల్టా గొలుసు ఉంటుంది. మామూలు హిమోగ్లోబిన్‌కి రెండు ఆల్ఫా, రెండు బీటా కావాలి. బీటా కొరతగా ఉంటే ఆల్ఫాలు డెల్టాతో కలవడానికి ఎక్కువ అవకాశం. దాని వాటా పెరుగుతుంది. సాధారణంగా మూడున్నర శాతం దాటితే క్యారియర్ అంటారు.

ఆరోగ్య_అమృత · బుధవారం ఉదయం 10:00

ఇవన్నీ ఎందుకండీ, మా పిన్ని గారికి రోజూ బీట్‌రూట్ రసం, ఖర్జూరం ఇస్తే రెండు నెలల్లో హిమోగ్లోబిన్ 13 అయింది. జన్యువులు కూడా తిండితో మారతాయని వీడియోలో చూశాను.

గోదారి_మాస్టారు · బుధవారం ఉదయం 10:40

మీ పిన్ని గారిది ఐరన్ లోపం అయ్యుంటుంది తల్లీ. ఏ రసం తాగినా ఐదో అక్షరం సి మళ్ళీ జి కాదు. కొన్ని పేజీలు ఎంత తెరుచుకోవాలన్నది తిండినిబట్టి మారుతుంది, నిజమే. పాలలో లాక్టోజ్ దొరికితేనే బ్యాక్టీరియా దాన్ని అరిగించే జన్యువులు తెరుస్తుందని 1961లో జాకబ్, మొనో చూపించారు. అచ్చులో ఉన్న అక్షరం మాత్రం తిండికి మారదు. సూరిబాబు గారు ఇప్పటికే ఏడేళ్ళు ఐరన్ మింగారు, పరీక్షలో లోపం కనబడకుండా ఇంకా పోయడం మంచిది కాదు.

నిజం_నాగరాజు · బుధవారం మధ్యాహ్నం 2:10

నాకో డౌటు. ఎర్రకణానికి కేంద్రకం ఉండదు అని ఎనిమిదో తరగతిలోనే చదివాం. కేంద్రకం లేకపోతే డీఎన్ఏ లేదు. మరి ఈయన రక్తంలోంచి జన్యు పరీక్ష ఎలా చేశారు? జన్యువే లేని కణంలో జన్యు దోషమా? మీరంతా ఏదో దాస్తున్నారు.

పాడేరు_ల్యాబ్ · బుధవారం రాత్రి 8:45

నాగరాజు గారూ, ఈ థ్రెడ్ మొత్తానికి మంచి ప్రశ్న మీరే అడిగారు.

ఎర్రకణం మజ్జలో ఉన్నప్పుడు కేంద్రకం ఉంటుంది. అక్కడే గ్లోబిన్ నకళ్ళు కుప్పలుగా తీసుకుని, ఆఖర్న కేంద్రకాన్ని బయటికి తోసేస్తుంది. తీసుకున్న నకళ్ళు గట్టివి, త్వరగా చెడవు. అందుకే రక్తంలోకి వచ్చిన కొత్త కణం ఇంకో రోజు, రెండ్రోజులు వాటితో హిమోగ్లోబిన్ చేస్తూనే ఉంటుంది. మేం దాన్ని రెటిక్యులోసైట్ అంటాం, రంగు వేస్తే లోపల మిగిలిన ఆర్ఎన్ఏ నీలం వలలా కనిపిస్తుంది. తర్వాత అదీ అయిపోతుంది. మిగతా 120 రోజులు తిరిగేది పుస్తకం లేని మనిషే.

ఇక పరీక్ష. ఊదా మూత ట్యూబులో రక్తం తీసి గిరగిరా తిప్పితే అడుగున ఎర్రకణాలు, పైన పసుపు నీళ్ళు, మధ్యలో పెరుగు మీగడంత పల్చటి తెల్లపొర. అది తెల్లకణాలు. వాటికి కేంద్రకం ఉంది. డీఎన్ఏ ఇచ్చేది వాటి కేంద్రకాలే.

సూరిబాబు గారూ, మీ మొదటి ప్రశ్నకి జవాబు మీ ట్యూబులోనే ఉంది చూడండి. మీ హిమోగ్లోబిన్ జన్యువులో తప్పుని పట్టుకుంది జన్మలో హిమోగ్లోబిన్ చేయని తెల్లకణంలో. పేజీ దాని దగ్గరా ఉంది, తప్పూ ఉంది. అది ఎప్పుడూ తెరవలేదు, కాబట్టి దానికి ఏమీ కాలేదు. కావాలంటే బుగ్గ లోపల దూదిపుల్లతో తీసినా అదే అక్షరం కనిపిస్తుంది.

బీకాం_సూరిబాబు · బుధవారం రాత్రి 9:05

ఇది మా ఆవిడకి చదివి వినిపించాను. "ఇన్ని రోజులూ అర్థం కాలేదన్నారు, ఇంత తేలికా" అంది.

డాలస్_సుధ · బుధవారం రాత్రి 11:30

తొమ్మిదో వారం అన్నారు కదా సూరిబాబు గారూ, ముందుగా శుభాకాంక్షలు. మీ ఇంట్లో సరిగ్గా ఇప్పుడు ఏం జరుగుతోందో చెప్పనా? నేనిక్కడ రక్త జబ్బుల ల్యాబ్‌లో పనిచేస్తాను.

11వ క్రోమోజోమ్ మీద బీటా ఒంటరిగా లేదు. అన్నదమ్ముల ఇళ్ళలా ఐదు జన్యువులు వరసగా ఉంటాయి: ఎప్సిలాన్, రెండు గామాలు, డెల్టా, బీటా. చిత్రమేంటంటే వాటిని వాడే వరస కూడా దాదాపు అదే. పిండం తొలి వారాల్లో ఎప్సిలాన్. దాన్నుంచి గామాకి మారే రోజులు సుమారుగా ఇవే. కడుపులో ఉన్నంతకాలం గామాదే రాజ్యం, తల్లి రక్తం నుంచి ఆక్సిజన్ లాక్కోవడానికి ఆ రకం బాగా పనికొస్తుంది. పుట్టే ముందు గామా తగ్గడం, బీటా పెరగడం మొదలవుతుంది. పుట్టిన బిడ్డ రక్తంలో సగానికి పైగా ఇంకా గామా రకమే.

అందుకే బీటా రెండు కాపీలూ చెడిన బిడ్డ కూడా పుట్టినప్పుడు బొద్దుగా, ఎర్రగా ఉంటుంది. నెలలు గడిచి గామా పేజీ మూసుకున్నాక పాలిపోవడం మొదలు. సికిల్ పిల్లల్లో తొలి నెలల్లో కొడవలి కణాలు ఎందుకు తక్కువ అని 1948లోనే న్యూయార్క్‌లో జానెట్ వాట్సన్ అనే పిల్లల డాక్టరమ్మ గమనించి, పిండం హిమోగ్లోబిన్ కాపాడుతోందేమో అంది. కొన్ని కుటుంబాల్లో గామా పెద్దయ్యాక కూడా ఆగదు. వాళ్ళకి ఏ ఇబ్బందీ ఉండదు. అంటే మూసిన గామాని మళ్ళీ తెరిస్తే చాలు.

మూసేదెవరో తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. బీసీఎల్11ఎ అనే ప్రోటీన్ అని 2008 నాటికి తేలింది. కాస్గెవీ అనే కొత్త జన్యు చికిత్స దాని మీదే నిలబడింది. 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతిచ్చాయి.

నిజం_నాగరాజు · బుధవారం రాత్రి 11:50

పేపర్లో చదివాను. డీఎన్ఏని కోసే క్రిస్పర్ అనే కత్తెరతో చెడిన జన్యువుని సరిచేస్తారు.

డాలస్_సుధ · గురువారం ఉదయం 5:20

అందరూ అలాగే రాశారు, అది తప్పు. చెడిన బీటాని వాళ్ళు తాకనే లేదు. అది అలాగే ఉంది. గామాని మూసేవాణ్ణి పనిలోంచి తీసేశారు. అది కూడా ఎలాగంటే, బీసీఎల్11ఎ జన్యువుని పాడుచేస్తే ప్రమాదం, అది మెదడుకీ కావాలి, కొన్ని తెల్లకణాలకీ కావాలి. ఆ జన్యువుకి చెందిన ఒక ఇంట్రాన్‌లో చిన్న స్విచ్ ఉంది. ఎర్రకణం కాబోయే కణాల్లోనే ఆ స్విచ్ పనిచేస్తుంది. దాన్ని కోశారు. మెదడులో ఆ ప్రోటీన్ మామూలుగానే వస్తుంది, ఎర్రకణంలో తగ్గుతుంది, గామా తెరుచుకుంటుంది. పిపెట్ పిల్ల చెప్పిన ఇంట్రాన్ పారేసే చెత్త కాదని ఇక్కడ ఇంకోసారి తెలుస్తుంది.

వినడానికి తేలిక. మజ్జ మూలకణాలు బయటికి తీసి, కోత పెట్టి, ఈలోగా గట్టి కీమోతో పాత మజ్జని ఖాళీ చేసి, మళ్ళీ ఎక్కించాలి. నెలల పని. అమెరికాలో పెట్టిన ధర 22 లక్షల డాలర్లు, అప్పటి లెక్కన సుమారు 18 కోట్ల రూపాయలు.

నిజం_నాగరాజు · గురువారం ఉదయం 7:00

18 కోట్లు! బీట్‌రూట్ అమృత గారే నయం.

పాడేరు_ల్యాబ్ · గురువారం ఉదయం 7:30

నవ్వొచ్చింది కానీ మా కొండల్లో ఇవాళ్టికి సికిల్ ఉన్నవాళ్ళకి గామాని పెంచడానికి వాడేది హైడ్రాక్సీయూరియా మాత్ర. డాక్టరు చూస్తూ ఉండాలి, రక్తపరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. అందరికీ ఒకేలా పనిచేయదు. చేసినవాళ్ళకి నొప్పులు తగ్గి బడికెళ్తున్నారు. ఢిల్లీలో ఐజీఐబీ అనే జన్యు పరిశోధన సంస్థ వాళ్ళు మన సొంత క్రిస్పర్ మీద పనిచేస్తున్నారు, అది వచ్చేదాకా ఇదే.

బీకాం_సూరిబాబు · గురువారం సాయంత్రం 6:50

రిపోర్టు వచ్చింది. మా ఆవిడ హెచ్‌బీఏ2 2.7, కణాల సైజు 86, సికిల్ లేదు. డాక్టరమ్మ చూసి "ఇద్దరూ క్యారియర్లయితేనే ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు భయం. మీకు అది లేదు. బిడ్డ మీలాగా క్యారియర్ అయ్యే అవకాశం సగం, అంతే" అంది. బయటికొచ్చి ఇద్దరం చెరో రెండు ఇడ్లీలు తిన్నాం. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. మా అమ్మకి ఫోన్ చేస్తే "మీ నాన్నకీ ఎప్పుడూ రక్తం తక్కువే కదరా" అంది. మా తమ్ముడికి వచ్చే నెల పెళ్ళి చూపులు, వాణ్ణి రేపే పంపిస్తున్నాను పరీక్షకి.

ఒకటి అడగాలి. బిడ్డ పుట్టగానే ఇదే హెచ్‌బీఏ2 పరీక్ష చేయిస్తే క్యారియరో కాదో తెలిసిపోతుందా?

పాడేరు_ల్యాబ్ · గురువారం రాత్రి 8:10

చాలా సంతోషం అండీ. తమ్ముణ్ణి పంపడం ఇంకా మంచి పని.

పుట్టగానే ఆ పరీక్ష చేస్తే ఏమీ తేలదు. ఆ మెషీన్ చూసేది తయారైన హిమోగ్లోబిన్‌ని. అప్పటికి ఎక్కువగా గామాయే, డెల్టా, బీటా సరిగ్గా తెరుచుకుని ఉండవు. నార్మల్ అని వచ్చినా నమ్మడానికి లేదు. ఏడాది దాటాక, ఇంకొంచెం ఆగితే ఇంకా మంచిది. అక్షరాన్ని చూసే జన్యు పరీక్ష అయితే బొడ్డుతాడు రక్తంలోనే చెప్పేస్తుంది, ఆ తప్పు ఉంటే మొదటి రోజు నుంచీ ఉంటుంది కాబట్టి. కానీ ఒట్టి క్యారియరా కాదా అని తెలుసుకోవడానికి అంత తొందరేమీ లేదు.

బీకాం_సూరిబాబు · గురువారం రాత్రి 8:25

అర్థమైంది. అంటే ఆ పేజీ తెరిచేదాకా ఆగాలి. ఫోన్‌లో రెండేళ్ళ తర్వాతకి రిమైండర్ పెట్టాను, పేరు "బీటా". మా ఆవిడ చూసి బిడ్డకి పేరు అనుకుని గొడవకి వచ్చింది.